మన చేప తినొచ్చా? గెడ్డ నీటిలో, చేపలో మందుల జాడ వెతికిన నా అనుభవం

నేను పెదజాలరిపేటలో పుట్టి పెరిగాను. మా అమ్మ పాతికేళ్లుగా తెల్లవారకముందే విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి, వేలంలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఎంవీపీ కాలనీ వీధుల్లో అమ్ముతోంది. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, నీటిలోనూ చేపల్లోనూ మందుల అవశేషాలను గుర్తించే ఒక పరిశోధనశాలలో చేరానని చెప్పినప్పుడు ఆమె జీతం గురించి అడగలేదు. "అయితే మన సేప తినొచ్చా, కూడదా? అది సెప్పు పాపా, సాలు" అంది. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. 2018లో కేరళలో ఫార్మాలిన్ కలిపిన చేపలు పట్టుబడ్డాయన్న వార్తలు వచ్చినప్పుడు, ఇక్కడ ఏ చేపకూ ఏ మందూ రాయని అమ్మలాంటివారి తట్టలు కూడా మధ్యాహ్నం దాకా నిండుగానే ఉండిపోయాయి. చేప మీద రుద్ది, ఒక చుక్క ద్రావకం వేస్తే కొన్ని నిమిషాల్లో రంగు మారే కాగితపు పట్టీని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ తయారుచేసిందని ఆమె విన్నది. మందుల అవశేషాలకు కూడా అలాంటి పట్టీయే ఉంటుందని, నేను దాన్ని ఇంటికి తెస్తానని అనుకుంది.

అలాంటి పట్టీ ఎందుకు సాధ్యం కాదో ఆమెకు లెక్క కట్టి చెప్పాను. ఫార్మాలిన్‌ను చేప పాడవకుండా కావాలని కలుపుతారు కనుక అది దండిగానే ఉంటుంది. మందుల అవశేషాలను నీటిలో కొలవాల్సింది లీటరుకు నానోగ్రాముల్లో. ఐదు వందల మిల్లీగ్రాముల జ్వరం మాత్ర ఒకదాన్ని యాభై కోట్ల లీటర్ల నీటిలో సమంగా కలిపితే లీటరుకు ఒక నానోగ్రాము వస్తుంది. అంత పలుచని దాన్ని కంటికి కనిపించే రంగుగా మార్చగల కాగితం లేదు. దానికి ఎల్‌సీ–ఎంఎస్‌ఎంఎస్ అనే యంత్రం కావాలి. అది మొదట ద్రవంలోని పదార్థాలను ఒక సన్నని గొట్టంలో ఒకదాని నుంచి ఒకటి విడదీస్తుంది. తర్వాత కావలసిన బరువున్న అణువును పట్టుకుని, దాన్ని విరగ్గొట్టి, ముక్కల బరువును తూస్తుంది. మూర్ఛకు వాడే కార్బమజెపీన్ 237 బరువుతో లోపలికి వెళ్లి 194 బరువున్న ముక్కగా విరుగుతుంది. బ్యాక్టీరియాను చంపడానికి వాడే సిప్రోఫ్లోక్సాసిన్ 332తో వెళ్లి 288 ముక్కను ఇస్తుంది. ఒక్క ముక్క కనిపిస్తే చాలదు. రెండో ముక్క కూడా కనిపించాలి, ఆ రెండింటి నిష్పత్తి స్వచ్ఛమైన మందు ఇచ్చే నిష్పత్తితో సరిపోవాలి, గొట్టంలో నుంచి బయటికి వచ్చే సమయం కూడా కలవాలి.

మందుల కాలుష్యం అనగానే మా ప్రాంతంలో అందరి వేళ్లూ పరవాడ వైపు చూపిస్తాయి, అక్కడ ఫార్మా సిటీ ఉంది కనుక. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన కూడా ఆ ఆలోచనకు బలమిచ్చింది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో సుమారు తొంభై ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు వారు చూపించారు. నేను మామూలుగా వెతికేది అందులో లక్షో వంతు, పది లక్షలో వంతు. అయితే పరిశోధనశాలలో నా పనిని చూసే మేడమ్ నాకు కేటాయించింది పరిశ్రమల కాలువ కాదు, ఊరి మురుగు కలిసి సముద్రంలో పడే ఒక గెడ్డ, అంటే వాగు. మనం మింగిన మందులో కొంత భాగం శరీరంలో మారకుండా మూత్రంలో బయటికి పోతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ దాదాపు అంతా అలాగే పోతుంది. అంటే ఇరవై లక్షల మంది దాకా ఉన్న నగరంలో ప్రతి ఇంటి మందుల డబ్బాకూ గెడ్డతో సంబంధం ఉంది. ఆ గెడ్డ పేరు ఇక్కడ రాయడం లేదు. అది సముద్రంలో కలిసే మొగలో వల విసిరి బతికేవాళ్లున్నారు. ఒకే గెడ్డ నుంచి, ఒకే ఏడాదిలో తీసిన కొద్ది నమూనాల ఆధారంగా వారి చేపకు ఒక పేరు అంటగట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

మొదటిసారి నమూనాలు తీసింది జనవరిలో. మా మావయ్య ఫైబర్ బోటును మొగ దాకా తెచ్చాడు. పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి ఎక్కి గెడ్డ నీటిని పలుచన చేస్తుంది కనుక, పోటు తీసి నీరు వెనక్కి లాగుతున్నప్పుడు పట్టాలి. సీసాలు ముదురు గోధుమరంగు గాజువి. కొన్ని మందులు వెలుతురుకు విరిగిపోతాయి, కొన్ని ప్లాస్టిక్‌కు అంటుకుపోతాయి. ముందు రోజే వాటిని మిథనాల్‌తో కడిగి, మూతల కింద అల్యూమినియం రేకు వేసి ఉంచాను. ఒక్కో చోట ఒక లీటరు పట్టి, మంచులో పెట్టి, చీకటి పెట్టెలో పరిశోధనశాలకు చేర్చాం. నీళ్లతో పాటు మావయ్య విసురు వలతో పట్టిన పండుగప్పలు, మనవాళ్లు చైనా గొరక అని పిలిచే తిలాపియాలు కూడా తెచ్చుకున్నాను. పోల్చి చూడడానికి దూరం వేటలో పడ్డ కానాగడతలను అమ్మ హార్బర్‌లో కొనిపెట్టింది.

ఇక్కడే నేను చేసిన మొదటి తప్పు ఉంది. దాన్ని తెలుసుకోవడానికి ఆరు వారాలు పట్టింది.

ఒక లీటరు నీటిని యంత్రానికి నేరుగా ఇవ్వలేం. ముందు వడగట్టాలి. తర్వాత వేలి పొడవున్న చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నింపిన రేణువుల గుండా నిమిషానికి ఐదు మిల్లీలీటర్ల చొప్పున లాగాలి. నీరు పోతుంది, మందులు రేణువులకు పట్టుకుని ఆగుతాయి. వాటిని మిథనాల్‌తో దించి, నైట్రోజన్ వాయువు కింద ఆరబెట్టి, చివరికి ఒక్క మిల్లీలీటరుకు తేవాలి. అంటే వెయ్యి రెట్లు చిక్కబరచడం. మందు వెయ్యి రెట్లు చిక్కబడినప్పుడు, మన చేతుల నుంచి పడిన మరక కూడా వెయ్యి రెట్లు చిక్కబడుతుంది. ఈ మాట నాకు పుస్తకాల ద్వారా తెలుసు. అప్పటికి అనుభవంలోకి రాలేదు.

ఫలితాలు వచ్చిన రోజు యంత్రం తెర మీది గీతలో డైక్లోఫినాక్ ఉందని చెప్పే శిఖరాలు కనిపించాయి. నొప్పులకు వాడే ఆ మందు గెడ్డ నీటిలో, మొగలో, చైనా గొరక కండలో, ఆఖరికి దూరం నుంచి వచ్చిన కానాగడతలో కూడా ఉంది. పశువులకు వాడిన డైక్లోఫినాక్ వల్ల రాబందులు నశించాయని, అందుకే 2006లో దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారని చదివినదాన్ని కనుక గుండె వేగంగా కొట్టుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మతో ఏమి చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను. రెండు ముక్కలూ ఉన్నాయి, నిష్పత్తి సరిపోయింది, సమయం సరిపోయింది. మేడమ్ వచ్చి ఒకే ఒక మాట అడిగారు. "ఫీల్డ్ బ్లాంక్ ఎలా ఉందమ్మా?"

ఫీల్డ్ బ్లాంక్ అంటే పరిశోధనశాలలోని అతి స్వచ్ఛమైన నీటిని సీసాలో పోసుకుని, గెడ్డ దగ్గరికి తీసుకువెళ్లి, అక్కడి గాలిలో మూత తీసి, మరో సీసాలోకి మార్చి, మిగతా నమూనాలతో పాటే వెనక్కి తెచ్చి, వాటిలాగే అన్నీ చేయడం. అందులో ఏదీ ఉండకూడదు. నేను దాన్ని తీసుకువెళ్లాను, తెచ్చాను, కానీ పరీక్షల వరుసలో ఆఖరున పెట్టి, దాని ఫలితం ఇంకా చూడలేదు. మేడమ్ తెరిచి చూపించారు. గెడ్డ నీటిలో ఎంత ఎత్తున శిఖరం ఉందో, ఏమీ ఉండకూడని నీటిలో కూడా సుమారు అంతే ఎత్తున ఉంది.

జనవరి మొదటి వారంలో మెట్ల మీద జారి నా మణికట్టు బెణికింది. రోజూ రెండు పూటలా డైక్లోఫినాక్ జెల్ రాసుకుంటున్నాను. చర్మం మీద రాసిన జెల్‌లో లోపలికి ఇంకేది నూటికి ఆరు పాళ్ల దాకానే, మిగిలింది చర్మం మీదే ఉండి బట్టలకు, స్నానపు నీటికి పోతుంది. నేను చేతి తొడుగులు వేసుకున్న మాట నిజమే. అయితే ఆ తొడుగులను జెల్ అంటిన వేళ్లతోనే పెట్టెలోంచి తీసి, ఒకదాని వెలుపలి వైపు పట్టుకుని తొడుక్కున్నాను. కానాగడతలను కోసింది కూడా అవే చేతులు. ఆరు వారాల పనిలో డైక్లోఫినాక్‌కు సంబంధించినదంతా కొట్టివేశాం. మేడమ్ కోప్పడలేదు. నమూనాలు తీసే రోజున ఎవరు ఏ మాత్ర వేసుకున్నారు, ఏ లేపనం రాసుకున్నారు, కాఫీ తాగారా, దోమల మందు పూసుకున్నారా అని రాసే ఒక కాగితం తయారుచేయించి, బోటు ఎక్కే ప్రతి ఒక్కరి చేతా, మావయ్య చేత కూడా, నింపించారు. ఫీల్డ్ బ్లాంక్ ఫలితం చూడకుండా ఏ నమూనా ఫలితమూ తెరవకూడదన్నది ఆ రోజు నుంచి నాకు నియమం.

ఆ రాత్రి అమ్మకు ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె నమ్మేది. నమ్మి, పక్కింటి వారికి చెప్పేది. వారు హార్బర్‌లో చెప్పేవారు. నా మణికట్టు మీది జెల్ వల్ల పేట మొత్తం అమ్మకాలు దెబ్బతినేవి.

రెండో తప్పు దీనికి సరిగ్గా ఎదురు దిక్కున జరిగింది, నా మట్టుకు అది మరింత ప్రమాదకరమైనది. ఫిబ్రవరి, మార్చి నమూనాల్లో కార్బమజెపీన్ ప్రతిసారీ కనిపించింది, కెఫీన్ కూడా కనిపించింది. కార్బమజెపీన్ మురుగు శుద్ధిలో కూడా పెద్దగా విరగదు కనుక అది ఉందంటే మనుషుల మురుగు కలిసినట్టే. కెఫీన్ శుద్ధిలో తేలికగా విరిగిపోతుంది కనుక అది మెండుగా ఉందంటే శుద్ధి కాని మురుగు నేరుగా వస్తున్నట్టు. ఈ రెండూ ఉన్న నీటిలో, ఇంత విరివిగా వాడే సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రం ఒక్కసారి కూడా కనిపించలేదు. ‘లేదు’ అని నా పట్టికలో రాసుకున్నాను. శుభవార్త కనుక అనుమానించాలని తోచలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. దూరపు చేపలు దొరకని ఆ రెండు నెలలూ పద్ధతిని పరీక్షించుకోవడానికి వాడుకున్నాం. తెలిసిన మోతాదులో మందును మనమే కలిపి, అంతా చేసిన తర్వాత ఎంత తిరిగి వస్తుందో చూడడం ఆ పరీక్ష. ఇంతకుముందు నేను దాన్ని పరిశోధనశాల నీటితో చేసి, దాదాపు పూర్తిగా తిరిగి వచ్చిందని సంతోషించాను. ఈసారి మొగలోని ఉప్పునీటితో చేస్తే, కలిపిన సిప్రోఫ్లోక్సాసిన్‌లో వందకు ముప్పై పాళ్లైనా తిరిగి రాలేదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1,290 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. సిప్రోఫ్లోక్సాసిన్ ఈ లోహాలను గట్టిగా పట్టుకుంటుంది. పాలతో ఆ మాత్ర వేసుకోవద్దని వైద్యులు చెప్పేది కూడా అందుకే. లోహాన్ని పట్టుకున్న మందు రేణువులకు అంటుకోకుండా నీటితో పాటు తొట్టిలోకి పోయింది. నేను ‘లేదు’ అని రాసింది నీటిలో లేనిదాన్ని కాదు, నేను పారబోసినదాన్ని.

దీనికి తోడు మరో పొరపాటు. అణువులోని హైడ్రోజన్ల స్థానంలో బరువైన డ్యుటీరియం పెట్టి తయారుచేసిన సిప్రోఫ్లోక్సాసిన్ దొరుకుతుంది. దాన్ని మొదట్లోనే నమూనాలో కలిపితే, అసలు మందు ఎక్కడ ఎంత పోయిందో అది కూడా అంతే పోయి, నష్టాన్ని పట్టి ఇస్తుంది. అది చాలా ఖరీదైనది కనుక, పొదుపు కోసమని నేను చివరి మిల్లీలీటరులో మాత్రమే కలుపుతూ వచ్చాను. మధ్యలో జరిగిన నష్టానికి సాక్షి లేకుండా పోయింది. ఆ తర్వాత లోహాలను తన వైపు లాక్కునే ఈడీటీఏ లవణాన్ని నమూనాలో ముందే కలిపి, ఆమ్లంతో పీహెచ్‌ను రెండుకు దించి, బరువైన మందును మొదటి క్షణంలోనే వేసి, అంతా మళ్లీ చేశాను. జూలైలో తీసిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ కనిపించింది. బ్లాంక్‌లో లేదు. డైక్లోఫినాక్ కూడా కొద్దిగా, ఈసారి నిజంగా గెడ్డలోదే, కనిపించింది.

చేపలతో పని ఇంకా నెమ్మది. నీరు తేట పదార్థం, చేప కొవ్వూ మాంసకృత్తులూ కలిసిన ముద్ద. కండను మంచుగడ్డలా గట్టిపరిచి మెత్తగా రుబ్బి, ఎసిటోనైట్రైల్‌తో కలిపి, మెగ్నీషియం సల్ఫేటు, ఉప్పు వేసి కుదిపితే నీరు ఒక పొరగా, ద్రావకం ఒక పొరగా విడిపోతాయి. 2003లో అనస్తాసియాడెస్, లెహోటే తదితరులు కూరగాయల్లో పురుగుమందుల కోసం ప్రచురించిన పద్ధతి ఇది, ఇప్పుడు చేపలకూ వాడుతున్నారు. ఇందులో కలిపేది కూడా మెగ్నీషియమే కనుక ఇక్కడ కూడా ఈడీటీఏ లేకుండా సిప్రోఫ్లోక్సాసిన్ చిక్కదు. పైగా కొవ్వు మిగిలితే యంత్రంలో మందు సంకేతాన్ని అణచివేస్తుంది. అందుకే పోల్చి కొలవడానికి తెలిసిన మోతాదులో మందు కలిపి ఉంచుకునే ప్రమాణాలను కూడా స్వచ్ఛమైన ద్రావకంలో కాక, ఏ మందూ లేదని తేలిన చేప సారంలో కలిపి తయారుచేసుకున్నాం.

కాలేయం విడిగా, కండ విడిగా తీశాను. చేప శరీరంలోకి వెళ్లిన మందు కాలేయంలో, పిత్తంలో పోగుపడుతుంది, కండలో తక్కువ ఉంటుంది. ఒక చైనా గొరక కాలేయంలో సిప్రోఫ్లోక్సాసిన్ సమయానికి పెద్ద శిఖరం వచ్చింది. రెండో ముక్కతో నిష్పత్తి చూస్తే ఉండవలసినదానికి సగం కూడా లేదు. అది పిత్తంలోని మరేదో పదార్థం. దాన్ని పక్కన పెట్టేటప్పుడు చేయి ఆడలేదు, అంత స్పష్టమైన శిఖరం మళ్లీ రాదేమో అనిపించింది. అయినా పక్కన పెట్టాను.

అన్నీ సరిచూసుకున్నాక మిగిలింది ఇది. దూరపు కానాగడతల కండలో, కాలేయంలో మేము వెతికిన ముప్పై మందుల్లో ఏదీ మా పద్ధతి చూడగలిగినంతలో కనబడలేదు. గెడ్డ మొగలోని చేపల కాలేయాల్లో కార్బమజెపీన్ తరచూ, సిప్రోఫ్లోక్సాసిన్ కొన్నింటిలో కనిపించాయి. కండలో రెండు చేపల్లో మాత్రమే సిప్రోఫ్లోక్సాసిన్ జాడ ఉంది. అది కూడా పశువైద్యంలో వాడే దాని జాతి మందు ఎన్రోఫ్లోక్సాసిన్, సిప్రోఫ్లోక్సాసిన్ కలిపి కిలో చేపకు 100 మైక్రోగ్రాములని యూరప్‌లో పెట్టిన పరిమితికి ఎంతో దిగువన ఉంది. మెట్‌ఫార్మిన్ ఈ ముప్పైలో లేదు. అది నీటిని ఎంత ఇష్టపడుతుందంటే మా గొట్టంలో నిలవకుండా జారిపోతుంది, దానికి వేరే గొట్టం కావాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు పెడుతుండగా ఇదంతా చెప్పాను. "కానాగడతలు తినొచ్చు" అన్నాను. "గెడ్డ సేప?" అంది. కండ వరకు భయపడేంత కనబడలేదని, కడుపులోవి మాత్రం తీసి పారేయమని, నేను వెతికింది ముప్పై మందులనే కనుక వెతకనిదాని గురించి ఏ మాటా ఇవ్వలేనని చెప్పాను. ఆమె గరిటె ఆపి, "సేప సంగతి సరే. మరి ఆ నీల్లలో పిల్లలు ఈదుతున్నారు కదే?" అంది.

ఏడాదిన్నరగా నేను చేప వైపు నుంచి చూస్తున్నదాన్ని ఆమె నీటి వైపు నుంచి చూసింది. నిజానికి నన్ను కలవరపెట్టినది కూడా అదే. బ్యాక్టీరియా మందుకు లొంగకుండా మొండిబారడానికి చంపేంత మోతాదు అక్కర్లేదు. 2016లో బెంగ్ట్‌సన్ పాల్మే, లార్సన్ వేసిన అంచనా ప్రకారం, సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 64 నానోగ్రాములు దాటితే అలాంటి మొండి బ్యాక్టీరియా పెరగడానికి అవకాశం ఏర్పడుతుంది. మా గెడ్డ లోపలి నమూనాల్లో కొన్ని ఆ గీతను దాటాయి, మొగలోవి దాటలేదు. చేప తినేవారికి అపాయం లేని మోతాదు, ఆ నీటిలో కాలికి దెబ్బ తగిలిన పిల్లవాడికి కూడా అపాయం లేనిదే అవుతుందని చెప్పడానికి వీల్లేదు. ఈ మాట అమ్మతో చెప్పినప్పుడు మా మావయ్య మనవడు గుమ్మంలోనే ఉన్నాడు. మొండి బ్యాక్టీరియాను స్వయంగా లెక్కించడానికి సూక్ష్మజీవశాస్త్రం తెలిసిన సహచరురాలితో కలిసి ఈ ఏడాది నమూనాలు తీస్తున్నాం.

మొన్న జూన్ 14 అర్ధరాత్రి నిషేధం ముగిసి బోట్లు బయలుదేరాయి. మొదటి వేట వచ్చిన ఉదయం రేకులు, మంచుపెట్టె తీసుకుని హార్బర్‌కు వెళ్లాను. అమ్మ కానాగడతలు పాడుకుంది కానీ వాటిని ముట్టుకోలేదు. రాత్రి మోకాళ్లకు జెల్ రాసుకున్నానని చెప్పి, రెండడుగులు వెనక్కి జరిగి, పక్కనున్న పిన్నిని పిలిచి, "నువ్వు ఏ మందూ రాసుకోనేదు కదా? అయితే తొడుగులు ఏసుకుని నువ్వే ఎత్తు" అంది.